ఫైబర్‌గ్లాస్ కారు బాడీపై పెయింట్ లోపాలు: అపోహలు - వాస్తవాలు

1953లో షెవర్లే కార్వెట్ కారు ఫైబర్‌గ్లాస్ (గాజు పీచును రెసిన్ అనే గట్టిపడే జిగురుతో కలిపి చేసే పదార్థం) బాడీతో వచ్చి ఏడు దశాబ్దాలు దాటినా, ఈ బాడీలపై పెయింట్ చెడినప్పుడు చాలామంది రేకు బాడీ అలవాటుతోనే కారణం వెతుకుతున్నారు. మా పనిలో ఎక్కువ నష్టం అక్కడే జరుగుతోంది.

అపోహ: ఫైబర్‌గ్లాస్‌కు తుప్పు పట్టదు కాబట్టి, పొక్కులు వస్తే తప్పు పెయింట్‌దే.

వాస్తవం: తుప్పు పట్టదన్నది నిజమే కానీ, తేమ చేరదన్నది నిజం కాదు. పాలియెస్టర్ రెసిన్ బాడీపై సుమారు అర మిల్లీమీటరు మందాన ఉండే జెల్‌కోట్ అనే పీచు లేని రెసిన్ పై పొరను తేమ నెమ్మదిగా దాటుతుంది. లోపల నీటిలో కరిగే పదార్థాలతో కలిసి చిక్కని ద్రవంగా మారి, మరింత నీటిని లాక్కుంటూ పై పొరను పైకి లేపుతుంది. అందువల్ల పొక్కు కనబడగానే గరుకు కాగితం పట్టకుండా, ముందుగా పదునైన బ్లేడుతో రెండు మూడింటిని కోసి, ఏ పొర దగ్గర విడిపోయిందో చూడాలి. అడుగున ప్రైమర్ ఉంటే లోపం పెయింట్ పొరల మధ్యది. కోటు ఆరకముందే మరో కోటు వేయడంతో లోపల చిక్కుకున్న థిన్నర్ తరచుగా దీనికి కారణమవుతుంది. శుభ్రమైన జెల్‌కోట్ బయటపడితే, పెయింట్ దానికి పట్టుకోలేదన్నమాట. అచ్చు నుంచి వచ్చిన మైనాన్ని సరిగా తుడవకపోయినా, జెల్‌కోట్‌ను గరుకు చేయకపోయినా ఇలా జరుగుతుంది. గాజు పీచు కనబడి, వెనిగర్ లాంటి పుల్లని వాసనతో జిగట ద్రవం కారితే మాత్రం లోపం బాడీలోనే ఉంది. చెడిన భాగాన్ని తీసి, పూర్తిగా ఆరబెట్టి, రెసిన్‌తో మళ్లీ కట్టకుండా ఎంత ఖరీదైన పెయింట్ వేసినా పొక్కులు తిరిగి వస్తాయి.

అపోహ: సన్నని పగుళ్లను పుట్టీతో పూడిస్తే చాలు.

వాస్తవం: పగులు ఆకారమే దాని పుట్టుక చెబుతుంది. నక్షత్రంలా విచ్చుకుంటే ఒకచోట దెబ్బ తగిలిందని, చాలాసార్లు అది వెనుక వైపు నుంచి తగిలిందని అర్థం. బోల్టు రంధ్రం చుట్టూ ఉంటే ఎక్కువగా బిగించారని, పక్కపక్కనే గీతల్లా ఉంటే ప్యానెల్ వంగుతోందని అనుమానించాలి. చిన్న భాగాన్ని గీకినప్పుడు పెయింట్‌తో పాటే పగులు మాయమైతే అది పెయింట్‌దే. జెల్‌కోట్‌లోనూ కొనసాగితే, పగులు అడుగు వరకూ చెక్కి, పలుచని గాజు పొరను రెసిన్‌తో వేయాలి. కదలికకు కారణమైన బిగింపును కూడా సరిచేయాలి.

అపోహ: మందం కొలిచే మీటరు పెడితే పాత పెయింట్ ఎంత ఉందో తెలిసిపోతుంది.

వాస్తవం: సాధారణ మీటర్లు అయస్కాంత లేదా విద్యుత్ ప్రభావంతో పనిచేస్తాయి కాబట్టి వాటికి కింద లోహం ఉండాలి. ఇక్కడ ధ్వని తరంగాలతో కొలిచే అల్ట్రాసోనిక్ మీటరు కావాలి. అది లేకపోతే కనబడని మూలలో ఏటవాలుగా రుద్ది పొరల వలయాలను లెక్కించవచ్చు.

రేకు బాడీకి వాడే ఘాటైన పెయింట్ రిమూవర్‌ను దీనికీ వాడవచ్చన్న నమ్మకం అన్నిటికంటే ప్రమాదకరం. మిథిలీన్ క్లోరైడ్ ఉన్న రిమూవర్ పెయింట్ దగ్గరే ఆగదు. జెల్‌కోట్‌నూ, దాని కింది రెసిన్‌నూ మెత్తబరుస్తుంది. అక్కడ మిగిలిపోయిన రసాయనం కొత్త పెయింట్ కింద మళ్లీ పొక్కులు లేపుతుంది.