మడగాస్కర్‌లో రాణి నిషేధించిన మతం ఎలా నిలబడింది

హతసాక్షుల (విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్ల) రక్తమే సంఘానికి విత్తనం అని చర్చిల్లో ప్రసంగాల్లో తెగ వింటుంటాం కదా, దానికి ఎక్కువగా చెప్పే ఉదాహరణల్లో మడగాస్కర్ ఒకటి. రాణి క్రైస్తవాన్ని నిషేధించి జనాన్ని చంపినా అది పెరిగిందన్న కథ నిజమే, కానీ నన్నడిగితే అక్కడ రక్తం కంటే చదువే ఎక్కువ పని చేసింది.

1818లో లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు (1805లో మన వైజాగ్ వచ్చింది కూడా వీళ్లే) ఇద్దరు కుటుంబాలతో అక్కడ దిగారు, కొన్ని నెలల్లోనే జ్వరాలకి అందరూ పోయి డేవిడ్ జోన్స్ ఒక్కడే మిగిలాడు. ఆయనే 1820లో రాజధాని అంటననరివో చేరాడు. రాజు మొదటి రదామాకి మతం మీద పెద్ద ఇంట్రెస్ట్ లేదు, ఆయనకి కావాల్సింది బడులు, పనితనం తెలిసినవాళ్లు, బ్రిటిష్ వాళ్ల స్నేహం. అలా అక్కడి మలగాసీ భాషకి లాటిన్ లిపి కుదిరింది, బడులు వచ్చాయి, ప్రింటింగ్ ప్రెస్ వచ్చింది.

1828లో రదామా చనిపోయాక రాణి రనవలోన గద్దెనెక్కింది. వచ్చీ రాగానే మిషనరీలని ఏం వెళ్లగొట్టలేదు, మీకు సబ్బు తయారు చేయడం వచ్చా అని అడిగితే వాళ్లలో ఒకడైన జేమ్స్ కామెరాన్ అక్కడ దొరికే సరుకుతోనే చేసి చూపించాడు, దాంతో ఇంకొన్నాళ్లు గడిచింది. కానీ రాజ్యం నిలబడేదే పూర్వీకుల మీద, రాజవంశం కాపాడే ‘సంపి’ అనే రక్షల మీద, వాటికి దండం పెట్టనివాళ్లు రేపు రాణి మాట మాత్రం వింటారా అని ఆమె భయం. ఆమెని ఉత్త రాక్షసిలా చూపించే కథలు ఈ రాజకీయం సంగతి వదిలేస్తాయి. 1835 మార్చిలో జనాన్ని పోగేసి మలగాసీలు ఎవరూ క్రైస్తవంలో ఉండకూడదని చాటించింది.

నిషేధంతో ప్రెస్ పనివాళ్లు రాకపోయినా మిషనరీలు తామే అచ్చులు పేర్చుకుని అదే ఏడాది మలగాసీ బైబిల్ పూర్తి చేశారు, 1836కల్లా దేశం వదిలేశారు. ఇక్కడే అసలు మలుపు, ఎందుకంటే పాస్టర్లు లేకపోయినా చదవడం వచ్చినవాళ్లున్నారు, చేతిలో పుస్తకం ఉంది, దాన్ని నేలలో పాతిపెట్టి, గుహల్లో దాచి, రాత్రిళ్లు కూడి చదువుకున్నారు, నడిపించింది కూడా వాళ్లలో వాళ్లే. 1837లో రసలమ అనే ఆమెని బల్లేలతో పొడిచి చంపారు. 1849లో 18 మందిని చంపారు, 14 మందిని కొండ మీంచి తోసేశారు, నలుగురు పెద్దింటివాళ్లని మంటల్లో తగలబెట్టారు. జరిమానాలు, బానిసత్వం పాలైనవాళ్లు ఇంకా చాలా ఎక్కువ. అయినా మొదట్లో వందల్లో ఉన్నవాళ్లు 1861లో రాణి చనిపోయేసరికి వేలల్లో తేలారు.

జపాన్‌లో 1614 నిషేధం తర్వాత రక్తం ఇంతకంటే చాలా ఎక్కువే పారింది, కానీ లక్షల్లో ఉన్న క్రైస్తవులు నాగసాకి చుట్టుపక్కల దాక్కున్న ఊళ్లకి కుదించుకుపోయారు. అందుకే విత్తనం మాట అన్నిచోట్లా పనికిరాదు.

మడగాస్కర్‌లో కూడా లక్షలు అయింది హింస టైంలో కాదు. 1869లో రెండో రనవలోన, ప్రధాని రైనిలైయారివోని బాప్తిస్మం తీసుకున్నారు, అదే ఏడాది సంపిలన్నీ తగలబెట్టించారు, ఇక రాణిగారి మతం కదా అని ఊళ్లకి ఊళ్లు గుడికి వచ్చేశాయి, రానివాళ్లని అధికారులే తోలుకొచ్చిన చోట్లు కూడా ఉన్నాయి.