మోచేతికి స్పానర్ వేస్తే

మా అక్క కూతురు విజయవాడలో జూడో నేర్చుకుంటోంది. బరువు 52 కిలోలు. పోయిన వారం ప్రాక్టీసులో 80 కిలోల కుర్రాడు తన ఆర్మ్‌బార్‌లో, అంటే మోచేతిని వెనక్కి వంచే పట్టులో చిక్కి, ఓడిపోయానన్న గుర్తుగా మ్యాట్ మీద టపటపా తట్టి వదిలించుకున్నాడట. రాత్రికి ఫోన్ చేసింది. "మావయ్యా, వాడి చేయి నా తొడంత ఉంటుంది. నాకంత బలం ఎక్కడిది?"

"ఉడుంపట్టు పట్టి ఉంటావు" అన్నాను.

"లేదు, మణికట్టు పట్టుకుని నడుము పైకి లేపానంతే."

జవాబు తన మాటలోనే ఉంది. ఉడుంపట్టు అక్కర్లేదు. ఎంత గట్టిగా పట్టామన్నది కాదు, ఎక్కడ పట్టామన్నదే లెక్క.

ఆటోనగర్‌లో లారీ చక్రం విప్పడం మీరు చూసే ఉంటారు. నట్టు తుప్పు పట్టి కదలకపోతే మెకానిక్ స్పానర్‌కి ఇనప పైపు తొడుగుతాడు. పైపు చివర పట్టుకుని ఒక్క తోపు తోస్తే నట్టు కిర్రుమని కదులుతుంది. మనిషి బలం పెరగలేదు, పిడి పొడుగు పెరిగింది. ఆ తిప్పే శక్తినే టార్క్ అంటాం. ఇంటర్ పిల్లల్ని అడగండి, సూత్రం టక్కున చెబుతారు. తలుపు పిడిని బందుల పక్కన ఎందుకు బిగించరని అడిగితే మాత్రం ఆగిపోతారు. పిల్లల చేతికి ఒక్కసారి స్పానర్ ఇచ్చి ఈ పాఠం మొదలుపెట్టాలని నాకెంతో కోరిక.

ఇప్పుడు ఆర్మ్‌బార్‌లోకి రండి. ఎదుటివాడి భుజం, పై చేయి మన తొడల మధ్య వైస్‌లో బిగించినట్టు ఉంటాయి. అతని మోచేయి మన తుంటి మీద ఆనుతుంది. మణికట్టు మన రెండు చేతుల్లో, ఛాతీకి అదిమి ఉంటుంది. మోచేయి నట్టు, ముంజేయి స్పానర్, మణికట్టు పైపు చివర. తొడలు వదులైతే స్పానర్ నట్టు మీద జారినట్టే, పట్టు పోతుంది. ముంజేతిని మధ్యలో పట్టుకుంటే సగం పిడి వృథా.

మోచేతి నుంచి మణికట్టు దాకా సుమారు 25 సెంటీమీటర్లు. అక్కడ 30 కిలోల బలంతో లాగామనుకోండి: 25 ఇంటూ 30, అంటే 750. దీన్ని ఆపాల్సింది చేయి మడిచే కండరాలు. అందులో ముఖ్యమైన బైసెప్స్ మోచేతికి బాగా దగ్గర్లో ఎముకకి అతుక్కుని ఉంటుంది. చేయి 90 డిగ్రీలు మడిచి ఉన్నప్పుడు దానికి దొరికే పిడి దాదాపు 4 సెంటీమీటర్లు. 750ని 4తో భాగిస్తే 187 కిలోలు దాటుతుంది. చేయి చాచేకొద్దీ కండ ఎముక వెంబడే సాగిపోయి ఆ పిడి ఇంచుమించు సగానికి తగ్గుతుంది. అప్పుడు కావలసింది 375 కిలోలు! అటు లాగేది చేతి కండలు ఒక్కటే కాదు, నడుమూ పిరుదులూ. ఒంట్లోకెల్లా పెద్ద కండరాలు అక్కడే ఉన్నాయి.

ఆజానుబాహువు అని పొగుడుతాం కదా, ముంజేయి పొడుగైనకొద్దీ ఎదుటివాడికి దొరికే పైపూ పొడుగే.

కండరం ఓడిపోయాక మిగిలేది ఎముకే. మోచేతి వెనక మొనలా తగిలే ఎముక, చేయి పూర్తిగా చాచగానే పై ఎముకలోని గుంటలో కూర్చుంటుంది. ఇంకా వంచితే ముందువైపు పొర, పక్కన ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంట్లు సాగి తెగుతాయి. కీలు తొలగవచ్చు. అలా దెబ్బ తిన్న మోచేతికి నూనె రాసి గట్టిగా మర్దనా చేయడం మన ఇళ్ళలో ఇంకా ఉంది. దయచేసి చేయకండి. నలిగిన కండరంలో ఎముక పెరిగి చేయి శాశ్వతంగా బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. ఎక్స్‌రే తీయించాలి.

ఇంకో పట్టులో మడిచిన ముంజేయి పిడి, పై చేయి ఎముక దాని కడ్డీ, భుజం నట్టు. 1951 అక్టోబరు 23న రియో డి జనీరోలో జపాన్ జూడో వీరుడు మసహికో కిమురా ఈ పట్టుతోనే బ్రెజిల్ యోధుడు హీలియో గ్రేసీ చేయి విరిచాడు. గ్రేసీ తట్టలేదు, అతని అన్న కార్లోస్ తువ్వాలు విసిరి ఆట ఆపించాడు. అప్పటి నుంచి బ్రెజిల్ జియు-జిత్సు అనే కుస్తీ విద్యలో ఆ పట్టు పేరే కిమురా.

నన్ను భయపెట్టేది మాత్రం హీల్ హుక్ అనే పట్టు. మడమ పట్టి పాదాన్ని మెలిపెడతారు. పాదం పిడి, పిక్క ఎముక సాకెట్ స్పానర్‌కి తగిలించే పొడవాటి కడ్డీ, నట్టు ఎక్కడో పైనున్న మోకాలు. మోకాలు మడవడానికి చేసిన కీలు, మెలికకి కాదు. పట్టింది మడమని, తెగేది మోకాల్లో లిగమెంటు. పైగా నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది. తట్టాలనిపించేసరికే తెగిపోయి ఉండొచ్చు. జూడో పోటీల్లో మోచేతికి తప్ప మరే కీలుకీ లాక్ వేయనివ్వరు. మా మేనకోడలికి అది చెబితే, "అందుకేనా మా సార్ కాళ్ళ జోలికి పోనివ్వరు" అంది.