ప్యాకెట్ తూకం తగ్గితే: అపోహలు - వాస్తవాలు

వినియోగదారుల కమిషన్‌లో కేసులు చూస్తుంటాను. ప్యాకెట్ తూకం తగ్గిందని వచ్చేవాళ్లకి కోపం ఉంటుంది, అందులో న్యాయమూ ఉంటుంది. కానీ చట్టం గురించి విన్నవి మాత్రం చాలావరకు తప్పుగా ఉంటాయి.

అపోహ: కొంత తేడా ఉండొచ్చని చట్టమే చెప్పింది, ఇక కంపెనీని ఏం చేయగలం?

వాస్తవం: తేడా ఉండొచ్చన్న మాట నిజమే. ప్యాకెట్లలో అమ్మే సరుకులకి వర్తించే 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్‌లో 100 నుంచి 200 గ్రాముల ప్యాకెట్‌కి 4.5 శాతం, అర కిలో నుంచి కిలో దాకా 15 గ్రాములు అని ఉంది. అది మిషన్ దగ్గర అనుకోకుండా వచ్చే హెచ్చుతగ్గుల కోసం, తక్కువ నింపుకోమని కాదు. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్ ప్యాకింగ్ యూనిట్‌లో తనిఖీ చేసేటప్పుడు ఒక లాట్‌లోంచి, అంటే ఒక విడత సరుకులోంచి, కొన్ని ప్యాకెట్లు తీసి, తూచి, ఖాళీ కవర్ బరువు మినహాయించి సగటు కడతారు. ఆ సగటు లేబుల్ మీది అంకెకి తగ్గకూడదు. అంటే కిలో అని రాసి ప్రతి ప్యాకెట్‌లో 990 గ్రాములే నింపితే, ఏ ఒక్కటీ 15 గ్రాముల హద్దు దాటకపోయినా సరే, అది తప్పే. ఈ సంగతి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే కంపెనీల వాదన ఎప్పుడూ ఆ హద్దు దగ్గరే మొదలవుతుంది. 2023లో తమిళనాడు తిరువళ్లూరు జిల్లా కమిషన్ ముందు ఒక బిస్కెట్ కంపెనీ అదే చెప్పింది. కవర్ మీద 16 బిస్కెట్లని ఉంది, లోపల ఉన్నవి 15. కమిషన్ ఆ వాదన ఒప్పుకోకుండా లక్ష రూపాయల పరిహారం కట్టమంది.

అపోహ: నూనె ప్యాకెట్ అంటే లీటరే.

వాస్తవం: జనం ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే, అదీ చట్టం దాటకుండానే. నూనె, బిస్కెట్లు, టీపొడి లాంటివాటికి ఇంతే సైజులో అమ్మాలన్న నిబంధన 2022 ఏప్రిల్ నుంచి లేదు. లీటరు సన్‌ఫ్లవర్ నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. దాని పక్కనే, చూడ్డానికి అచ్చం అలాగే ఉన్న ఇంకో ప్యాకెట్ మీద 850 గ్రాములని ఉండొచ్చు. పాత కిటుకు ఇంకోటి ఉండేది: లీటరు అని రాసి, పక్కన చిన్న అక్షరాల్లో 60 డిగ్రీల దగ్గర అని రాసేవాళ్లు. వేడికి నూనె ఉబ్బుతుంది కాబట్టి, సోయా నూనె లీటరు 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములుంటే 60 డిగ్రీల దగ్గర 892.6 గ్రాములే. ఉష్ణోగ్రత రాయడం మానేసి, లీటర్లతో పాటు బరువు కూడా వేయమని 2022 ఆగస్టులో కేంద్రం కంపెనీలకి చెప్పింది. ఇప్పుడు ఎమ్మార్పీ దగ్గరే గ్రాముకి ఇంత అని యూనిట్ ధర ఉంటుంది. రెండు ప్యాకెట్ల మీదా అది పోల్చి కొనండి, ఆఫర్ స్టిక్కర్ చూసి కాదు.

అపోహ: చిప్స్ ప్యాకెట్‌లో గాలి నింపడం తూకంలో మోసం.

వాస్తవం: అది నైట్రోజన్, చిప్స్ నలగకుండా, మెత్తబడకుండా ఉండటానికి. రాసిన గ్రాములు తూగితే తూకం కేసు నిలబడదు.

అపోహ: తూనికలు కొలతల శాఖ కంపెనీకి వేసే జరిమానా ఫిర్యాదు చేసినవాళ్లకి వస్తుంది.

వాస్తవం: రాదు, అది ప్రభుత్వానికి పోతుంది. మీకు పరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు విడిగా కేసు వేయాలి. వస్తువు ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, లాయర్ లేకుండా మీరే వేసుకోవచ్చు.

అపోహ: ప్యాకెట్ విప్పి, ఇంట్లో తూచి వీడియో తీస్తే చాలు.

వాస్తవం: విప్పాక కొంత తీసేసి ఉంటారని అవతలి లాయర్ అంటాడు, మీ వంటింటి కాటా మీద శాఖ ముద్ర కూడా ఉండదు. అనుమానం వస్తే ప్యాకెట్ విప్పకండి. అదే బ్యాచ్ నంబరుది ఇంకో ప్యాకెట్ కొని, బిల్లుతో సహా దాచి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, లేదా నేరుగా మీ జిల్లా తూనికలు కొలతల ఆఫీసుకి పట్టుకెళ్లండి.