ఇబ్రహీంపట్నం పొగగొట్టం నుంచి నేలపాడు దాకా: పర్యావరణ కేసుల పూర్వకథ

విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లే రహదారిలో ఇబ్రహీంపట్నం దగ్గర పడేసరికి నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. ఆ చుట్టుపక్కల డాబా మీద ఆరేసిన బట్టలను దులిపిగాని మడత పెట్టరు. రాత్రి వాకిట్లో ఆపిన మోటార్ సైకిల్ సీటు మీద తెల్లారి వేలితో గీస్తే గీత పడుతుంది. ఆ బూడిద గురించి ఎవరు, ఏ చట్టం కింద, ఎక్కడికి వెళ్లి అడగాలన్న ప్రశ్నకు జవాబు గత నలభై అయిదేళ్లలో చాలాసార్లు మారింది. ఈ కేంద్రంలో మొదటి యూనిట్ 1979లో మొదలైంది. అప్పటికి కాలుష్యం గురించి దేశంలో ఉన్న ప్రధాన చట్టం 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టమే. గాలికి చట్టం 1981లో వచ్చింది. పర్యావరణ పరిరక్షణ చట్టం 1986లో, ప్రాజెక్టు కట్టక ముందే ప్రభావాన్ని అంచనా వేయాలన్న నిబంధన 1994లో, ఊరివాళ్ల అభిప్రాయం వినాలన్న నిబంధన 1997లో వచ్చాయి. అంటే పొగ ముందు మొదలైంది, దాన్ని అడిగే హక్కు తర్వాత ఒక్కో మెట్టుగా వచ్చింది.

రాజ్యాంగంలో పర్యావరణం ప్రస్తావన 1976 నాటి 42వ సవరణతో చేరింది. 48-ఏ అధికరణం రాజ్యానికి, 51-ఏ అధికరణం పౌరుడికి ఆ బాధ్యతను అప్పగించాయి. అయితే వీటిలో ఏదీ నేరుగా కోర్టుకెక్కి అమలు చేయించుకోదగిన హక్కు కాదు. మొదట్లో పని చేసింది పాతకాలపు ఆయుధమే. మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో మురుగు కాల్వల మధ్య బతుకుతున్న ఒక వార్డు ప్రజలు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్ కింద మేజిస్ట్రేటును ఆశ్రయించారు. తన దగ్గర డబ్బు లేదన్న పురపాలక సంఘం వాదనను 1980లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఆ తీర్పు రాసినది జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్. మన మున్సిపాలిటీల నుంచి ఇప్పటికీ వినిపించే ఆ జవాబుకు అప్పుడే చట్టప్రకారం విలువ పోయిందన్న సంగతి చాలామంది కమిషనర్లకు తెలిసినట్టు లేదు.

1984 డిసెంబరులో భోపాల్ దుర్ఘటన జరిగింది. ఏడాది తిరిగేసరికి ఢిల్లీలో ఒక కర్మాగారం నుంచి ఓలియం వాయువు లీకైంది. న్యాయవాది ఎం.సి.మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు, ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవాడు ఎలాంటి మినహాయింపులూ లేకుండా నష్టపరిహారం చెల్లించాలన్న సంపూర్ణ బాధ్యత సూత్రాన్ని 1986 డిసెంబరులో నిర్ణయించింది. అదే మెహతా ఢిల్లీ గాలి మీద 1985లో వేసిన మరో పిటిషన్‌లో, నగర బస్సులన్నీ 2001 మార్చి 31కల్లా సీఎన్‌జీకి మారాలని 1998 జులైలో ఆదేశం వెలువడింది. అప్పటిదాకా కోర్టులను ఎక్కువగా అడిగింది ఒకదాన్ని ఆపమని, మూయమని, తరలించమని. ఇక్కడ మాత్రం ఫలానా ఇంధనానికి మారమని కోర్టే చెప్పింది. ఈ తేడా చిన్నది కాదు.

ఈ చరిత్రలో తెలుగు నేల వాటాను తక్కువ చేసి చెప్పడం అలవాటైపోయింది. హైదరాబాద్‌లో పార్కు కోసం కేటాయించిన స్థలంలో ఎల్‌ఐసీ, ఆదాయపు పన్ను శాఖ ఇళ్లు కట్టబోతే దాఖలైన దామోదరరావు కేసులో, కలుషితమైన వాతావరణం మనిషిని మెల్లగా విషమిచ్చి చంపడం కూడా 21వ అధికరణం కింద జీవించే హక్కును హరించడమేనని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1987లోనే చెప్పింది. తీర్పు రాసినది జస్టిస్ పి.ఎ.చౌదరి. కాలుష్యం లేని నీరు, గాలి ఆ హక్కులో భాగమని సుప్రీంకోర్టు సుభాష్ కుమార్ కేసులో చెప్పింది 1991లో. 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ కేసు, విశాఖ మన్యంలోని బొర్రా ప్రాంత గనుల వివాదం నుంచి పుట్టి, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులకు గనుల లీజులు ఇవ్వకుండా అడ్డుకట్ట వేసింది.

అన్నిటికంటే దూరం వెళ్లినది హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాలకు పది కిలోమీటర్ల లోపు తలపెట్టిన నూనెల పరిశ్రమ కేసు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించింది, అప్పిలేట్ అధికారి ఇమ్మన్నారు, వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 1999 జనవరిలో జస్టిస్ ఎం.జగన్నాథరావు రాసిన తీర్పులో రెండు మాటలున్నాయి. ప్రమాదం లేదని నిరూపించాల్సిన భారం ఫ్యాక్టరీ పెట్టదలచినవాడిదే. రసాయనాల సంగతి తేల్చే చోట న్యాయమూర్తి పక్కన శాస్త్రవేత్త కూడా కూర్చోవాలి. తర్వాత ఆయన లా కమిషన్ అధ్యక్షుడయ్యారు. ఆయన హయాంలో 2003లో వచ్చిన 186వ నివేదిక, పర్యావరణ కోర్టులు పెట్టాలని సిఫారసు చేసింది. 2010 అక్టోబరు 18న అమల్లోకి వచ్చిన జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టానికి మూలం అక్కడుంది. న్యాయ సభ్యులతో పాటు నిపుణ సభ్యులు కూర్చునే ఆ ట్రిబ్యునల్‌కు దక్షిణాది ధర్మాసనం చెన్నైలో ఏర్పడింది. దాంతో మన ప్రాంతపు పర్యావరణ కేసులకూ, విజయవాడ నుంచి చెన్నై వెళ్లే పినాకిని ఎక్స్‌ప్రెస్‌కూ విడదీయరాని సంబంధం కుదిరింది.

ట్రిబ్యునల్ రాకముందు ఉన్న వ్యవస్థ ఎంత ఆలస్యంగా స్పందించిందో సోంపేట చెబుతుంది. శ్రీకాకుళం జిల్లాలోని ఆ బీల (చిత్తడి) నేలల్లో తలపెట్టిన థర్మల్ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ 2010 జులై 14న రద్దు చేసింది. అదే రోజున సోంపేటలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. కాగితం మీద గెలుపు, నేల మీద శవాలు ఒకే తేదీన వచ్చాయి.

ఇప్పటి చట్టంలో పిటిషనర్లను ఎక్కువగా ముంచేది గడువు. పర్యావరణ అనుమతి మీద ట్రిబ్యునల్‌కు అప్పీలు 30 రోజుల్లో వేయాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజులు. ఆ తర్వాత తలుపు మూసుకుంటుంది. అనుమతి వచ్చిన సంగతిని ప్రాజెక్టు యాజమాన్యం కనీసం రెండు స్థానిక పత్రికల్లో ప్రకటించాలి. లోపలి పేజీలో, టెండరు నోటీసుల మధ్య, అగ్గిపెట్టెంత జాగాలో కనిపించే ఆ ప్రకటనను కత్తిరించి, తేదీ రాసి పెట్టుకున్నవాడికే కేసు ఉంటుంది. వకాల్తా మీద సంతకం కంటే ఆ ముక్క విలువైనది. ప్రజాభిప్రాయ సేకరణ మినిట్స్, అనుమతిలోని షరతులు, కాలుష్య నియంత్రణ మండలికి పెట్టుకున్న అర్జీల నకళ్లు కూడా అంతే. ఇలా జతచేసే ఆధారాలు (మెటీరియల్ పేపర్లు) సరిగా లేని పిటిషన్‌ను ఎంత గొప్ప వాదనా నిలబెట్టలేదు.

రాజధాని కేసు ఈ పరిమితులను బాగా చూపించింది. కృష్ణ వరద మైదానం, కొండవీటి వాగు ముంపు, మూడు పంటల భూములు అనే అభ్యంతరాలతో అమరావతి అనుమతిని సవాలు చేసిన పిటిషన్లను హరిత ట్రిబ్యునల్ 2017 నవంబరు 17న తేల్చింది. అనుమతిని రద్దు చేయలేదు; అదనపు షరతులు పెట్టి, అమలును చూడటానికి రెండు కమిటీలు వేయమంది. ఓడిపోయామని ఒకరు, గెలిచామని మరొకరు అనుకున్నారు గాని, నా దృష్టిలో అసలు ప్రశ్న ఆ కమిటీల నివేదికలు ఎవరు చదువుతారన్నది. గాలి విషయంలోనూ ఇదే తీరు. పరిమితులు దాటిన నగరాలకు కార్యాచరణ ప్రణాళికలు రెండు నెలల్లో తయారు చేయాలని ట్రిబ్యునల్ 2018 అక్టోబరులో ఒక పత్రికా వార్తను తానే విచారణకు స్వీకరించి రాష్ట్రాలను ఆదేశించింది. ఆ జాబితాలో విజయవాడ, గుంటూరు రెండూ ఉన్నాయి.

ఇక స్వచ్ఛ విద్యుత్తు. దీనికి చట్టంలో పునాది 2003 విద్యుత్ చట్టం 86వ సెక్షన్: డిస్కంలు (విద్యుత్ పంపిణీ సంస్థలు) కొంత శాతం పునరుత్పాదక విద్యుత్తు కొని తీరాలని విద్యుత్ నియంత్రణ మండళ్లు నిర్దేశించవచ్చు. సొంత బొగ్గు ప్లాంట్లున్న పరిశ్రమలకూ ఈ నిబంధన వర్తిస్తుందని 2015 మేలో హిందుస్థాన్ జింక్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఎక్కువమంది గమనించని ఈ తీర్పు, సౌర పలకలకు ఉద్యమాలు తేగలిగినదానికంటే పెద్ద గిరాకీ తెచ్చిందని నా అభిప్రాయం.

మన దగ్గర పెద్ద పోరు ఒప్పందాల మీద నడిచింది. గాలి, సౌర విద్యుత్ ధరలు ఎక్కువగా ఉన్నాయని, పాత ఒప్పందాలను తిరగదోడేందుకు రాష్ట్ర ప్రభుత్వం 2019 జులై 1న జీవో 63 ద్వారా కమిటీ వేసింది. కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. 1954 నుంచి రెండేళ్లకు పైగా గుంటూరులో ఉండి, 1956లో హైదరాబాద్‌కు తరలిన హైకోర్టు, 2019లోనే మళ్లీ ఈ ప్రాంతానికి, అమరావతిలోని నేలపాడుకు వచ్చి ఉంది. సెప్టెంబరు 24న ఏకసభ్య ధర్మాసనం జీవోను కొట్టేసినా, వివాదం తేలేదాకా యూనిట్‌కు సౌరానికి 2.44, గాలికి 2.43 రూపాయల చొప్పున చెల్లిస్తే చాలంది. ఒప్పందాల్లో గాలి విద్యుత్తు ధర నాలుగు రూపాయలకు పైమాటే కనుక, బ్యాంకు అప్పుల మీద కట్టిన గాలిమరలకు అది గడ్డుకాలం. 2022 మార్చి 15న ద్విసభ్య ధర్మాసనం ఆ మధ్యంతర ధరలను పక్కన పెట్టి, ఒప్పందం ధర ప్రకారం బకాయిలు ఆరు వారాల్లో చెల్లించమని డిస్కంలను ఆదేశించింది. డిస్కంల గోడులో న్యాయం లేకపోలేదు, ఆ భారం చివరికి మన కరెంటు బిల్లులోనే తేలుతుంది. కానీ సంతకం చేసిన ధరకు విలువ లేకపోతే తర్వాత వచ్చే పెట్టుబడిదారు ఆ భయాన్ని కూడా ధరలో కలుపుతాడు.

స్వచ్ఛ విద్యుత్తే ముద్దాయి అయిన కేసు మరొకటి ఉంది. 1972 వన్యప్రాణి చట్టం రూపకల్పనలో ముఖ్యుడైన ఎం.కె.రంజిత్‌సిన్హ్, బట్టమేక పిట్టలు కరెంటు తీగలకు తగిలి చనిపోతున్నాయని సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఒకప్పుడు కర్నూలు జిల్లా రోళ్లపాడు గడ్డిమైదానాల్లో తిరిగిన పిట్టే అది. రాజస్థాన్, గుజరాత్‌లలో తీగలను భూగర్భంలో వేయమని 2021 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. సౌర విద్యుత్ లక్ష్యాలు దెబ్బతింటాయని కేంద్రం మొరపెట్టుకోగా, 2024 మార్చి 21న ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీకి అప్పగించింది. అదే తీర్పులో, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం 14, 21 అధికరణాల కింద హక్కని గుర్తించింది. పిట్ట కోసం వేసిన కేసులో మనుషులకు కొత్త హక్కు దొరికింది.

ఇబ్రహీంపట్నంలో 2023 చివరి నుంచి 800 మెగావాట్ల కొత్త యూనిట్ కూడా నడుస్తోంది. బొగ్గు ప్లాంట్ల సల్ఫర్ డయాక్సైడ్‌కు కేంద్రం 2015 డిసెంబరు 7న పరిమితి పెట్టి, రెండేళ్లు గడువిచ్చింది. ఆ గడువును పలుమార్లు పొడిగించారు. 2025 జులైలో దేశంలోని చాలా ప్లాంట్లకు ఆ వాయువును తగ్గించే యంత్రాలు అక్కర్లేదన్న మినహాయింపు వచ్చింది. ఆ గడువును పొడిగించమని ఒక వర్గం, పొడిగించవద్దని మరో వర్గం సుప్రీంకోర్టులో వాదించుకున్నది మెహతా ఢిల్లీ గాలి మీద 1985లో వేసిన ఆ పిటిషన్ నంబరు కిందే.