పది రూపాయల కోలా వెనక యాభై ఏళ్ల కొట్లాట

ఎండాకాలం వచ్చిందంటే చాలు, మన దగ్గర ఏ కిరాణా కొట్టు చూసినా పది రూపాయల కాంపా సీసాలు వేలాడుతున్నాయి, ఫంక్షన్లలో కూడా అవే పంచుతున్నారు. "రిలయన్స్ వాడు రేటు తగ్గించాడు, జనం కొంటున్నారు, అంతే కదా" అంటారు చాలామంది. అంతే అయితే ఇంత రాయక్కర్లేదు. ఈ దేశంలో కోలా కంపెనీలు రుచి మీద కొట్టుకున్నది చాలా తక్కువ. సీసా ఎవరిది, దాన్ని కొట్టు దాకా తెచ్చే బండి ఎవరిది, కొట్టులో ఫ్రిజ్ ఎవరిది అన్న దగ్గరే అసలు కొట్లాటంతా నడిచింది.

1977 నుంచి మొదలెడదాం. అప్పటిదాకా మన దగ్గర కోకా కోలా దర్జాగా అమ్ముడుపోయేది. 1973 నాటి విదేశీ మారక చట్టం ప్రకారం ఇక్కడి కంపెనీలో విదేశీ వాటా 40 శాతానికి దించుకోవాలి. జనతా ప్రభుత్వంలో పరిశ్రమల మంత్రి జార్జి ఫెర్నాండెజ్ ఈ విషయంలో గట్టిగా పట్టుబట్టారు. వాటా ఇస్తే ఫార్ములా కూడా చేజారుతుందని కోక్ భయం, చివరికి మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయింది. ఆ ఖాళీలోకి ప్రభుత్వమే దిగి డబుల్ సెవెన్ అని ఒక కోలా తెచ్చింది, ప్రభుత్వ రంగంలోని మోడర్న్ ఫుడ్ ఇండస్ట్రీస్ చేత తయారు చేయించింది. పేరు కూడా ఆ ఏడాది గుర్తుగానే. అది ఎక్కువ కాలం నిలబడలేదు. కూల్ డ్రింక్ అమ్మడమంటే రేషన్ షాపు నడపడం కాదు మరి.

నిలబడ్డవి రెండు. ఒకటి పార్లే చౌహాన్ల థమ్సప్, రెండోది ప్యూర్ డ్రింక్స్ వాళ్ళ కాంపా కోలా. ఈ ప్యూర్ డ్రింక్స్ అంతకుముందు కోక్‌కే సీసాలు నింపిపెట్టిన కంపెనీ. అంటే ప్లాంట్లు, లారీలు, డీలర్లు అన్నీ చేతిలో ఉన్నాయి, లేనిదల్లా లోపల పోసే ద్రావకం. అది వాళ్ళే తయారు చేసుకున్నారు. పార్లే దగ్గర గోల్డ్ స్పాట్, లిమ్కా, మాజా కూడా ఉండటంతో కొట్టువాడికి ఒకే బండిలో అన్ని రకాలూ దిగేవి, దాంతో థమ్సప్ ముందుకెళ్ళిపోయింది.

గాజు సీసాల కాలం చూసినవాళ్ళకి ఇది వివరంగా చెప్పక్కర్లేదు. సీసా మన చేతికిచ్చేవాడు కాదు కొట్టువాడు, అక్కడే నిలబడి తాగి వెనక్కివ్వాలి, ఇంటికి పట్టుకెళ్తానంటే డిపాజిట్ కట్టించుకునేవాడు. కేసు నిండా ఖాళీ సీసాలు వెనక్కి వెళ్తేనే నిండు కేసు దిగేది. అందుకే ఏ కంపెనీ సీసాలు ఊళ్ళో ఎక్కువ తిరుగుతుంటే ఆ కంపెనీదే రాజ్యం. కొత్తగా వచ్చేవాడు ముందు లక్షల సీసాల మీద డబ్బు పోసి, ఆ తర్వాతే వ్యాపారం గురించి ఆలోచించాలి.

పెప్సీ వచ్చినప్పుడు పడిన కష్టం కూడా ఇదే. 1988లో పర్మిషన్ దొరికింది, అదీ పంజాబ్ ఆగ్రో, వోల్టాస్ అనే ఇక్కడి కంపెనీలతో జాయింట్ వెంచర్‌గా, పైగా విదేశీ పేరు ఒక్కటే పెట్టి అమ్మకూడదన్న షరతుతో. అందుకే 1990లో అది లెహర్ పెప్సీగా వచ్చింది. పార్లే ఊరుకోలేదు, పెప్సీ సీసా 250 మి.లీ. అయితే థమ్సప్‌ని 300 మి.లీ.కి పెంచి మహా కోలా అని దింపింది. ఎక్కువ పోసి ఎదుటివాణ్ణి ఇబ్బంది పెట్టే ఈ ఎత్తు ఇప్పుడు కొత్తగా కనిపెట్టింది కాదన్నమాట.

1993లో కోక్ తిరిగొచ్చింది, కొత్త ప్లాంట్ల కోసం ఏళ్ళ తరబడి ఆగే ఓపిక దానికి లేదు. దాదాపు 6 కోట్ల డాలర్లకి థమ్సప్, లిమ్కా, గోల్డ్ స్పాట్, మాజా బ్రాండ్లని రమేశ్ చౌహాన్ దగ్గర కొనేసింది. నా లెక్కలో కోక్ కొన్నది ఆ పేర్లని కాదు, వాటి వెనక దేశమంతా ఉన్న బాటిలర్లని, అంటే సీసాలు నింపి కొట్లకి చేర్చేవాళ్ళని. పేర్ల మీద ప్రేమ లేదనడానికి సాక్ష్యం గోల్డ్ స్పాటే, దాన్ని ఆపేసి ఆ చోట ఫాంటాని పెట్టారు. థమ్సప్‌ని కూడా కొన్నాళ్ళు పట్టించుకోకుండా వదిలేశారు, జనం అది తాగితే కోక్ తాగరని. కానీ జనం థమ్సప్ దొరక్కపోతే పెప్సీ వైపు పోతారేమోనన్న భయం పట్టుకుంది, మళ్ళీ దాన్నే నెత్తిన పెట్టుకున్నారు. 2021లో అది ఏడాదికి వంద కోట్ల డాలర్ల బ్రాండయ్యింది. మొత్తం మూటని కొన్న డబ్బుతో పోల్చి చూడండి!

థమ్సప్‌కి పెట్టని కోట మన తెలుగు నేల. చిరంజీవి థమ్సప్ యాడ్ చేశారు, తర్వాత ఆ చోటులోకి మహేశ్ బాబు వచ్చారు. పవన్ కల్యాణ్ 2001లో పెప్సీ వైపు వెళ్ళారు. రామ్ చరణ్ 2025లో కాంపాకి ప్రచారం మొదలెట్టారు. కోలా యుద్ధం మొత్తం ఒక్క చిరంజీవి ఇంట్లోనే కనిపిస్తుంది.

ఈ మధ్యలో కాంపా ఏమైందంటే, కోక్, పెప్సీల మధ్య నలిగి 2000 దాటేసరికి ఢిల్లీ ప్లాంట్ కూడా మూతపడింది. ముంబై వర్లీలో ప్యూర్ డ్రింక్స్ స్థలంలో అక్రమంగా లేచిన అంతస్తుల గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది కదా, ఒక తరానికి కాంపా కోలా అంటే ఆ అపార్ట్‌మెంట్ల పేరే. 2022లో రిలయన్స్ ఆ బ్రాండ్‌ని సుమారు 22 కోట్లకి కొంది. ఇంత పెద్ద కంపెనీకి అదొక లెక్కే కాదు.

2023 మార్చిలో కాంపాని మళ్ళీ మార్కెట్లోకి తెచ్చినప్పుడు మొదట ఎంచుకున్నది ఆంధ్రప్రదేశ్, తెలంగాణలనే. ఇక్కడ కోలా తాగే అలవాటు ముదిరిపోయి ఉంది, థమ్సప్ బలంగా ఉన్నచోట గెలిస్తే ఇంకెక్కడైనా గెలవొచ్చు. ప్లాస్టిక్ సీసాల కాలం కాబట్టి ఖాళీ సీసాల బెడద లేదు. మిగిలింది ఫ్రిజ్ గొడవ. కొట్లో ఉన్న అద్దాల తలుపు ఫ్రిజ్ ఏదో ఒక కూల్ డ్రింక్ కంపెనీ ఇచ్చినదే, వేరేవాళ్ళ డ్రింక్స్ అందులో పెట్టకూడదంటారు. కొట్టువాడు కింది అరలో పెరుగు ప్యాకెట్లు, మజ్జిగ ప్యాకెట్లు దాచుకుంటాడు, సేల్స్‌మన్ వచ్చే రోజు గబగబా సర్దేస్తాడు. అలాంటి కొట్టువాడిని తన వైపు తిప్పుకోడానికి రిలయన్స్ మిగతావాళ్ళకంటే ఎక్కువ మార్జిన్ ఇచ్చింది, 200 మి.లీ. సీసా పది రూపాయలకి పెట్టింది. ఎవరి ఫ్రిజ్ అయితేనేం, ఎక్కువ మిగిలే సీసాకి చోటు దానంతటదే దొరుకుతుంది.

పది రూపాయల్లో అసలు ఎంత మిగులుతుందో చూడండి. గ్యాస్ కూల్ డ్రింకుల మీద పన్ను 40 శాతం. అంటే ఎం.ఆర్.పి. పది రూపాయల్లో దాదాపు 2 రూపాయల 85 పైసలు పన్నుకే పోతుంది. మిగిలిన ఏడు రూపాయల చిల్లరలో చక్కెర, సీసా, మూత, లారీ కిరాయి, డీలరు, కొట్టువాడు, యాడ్ ఖర్చు. ఇది పెద్ద లాభాలొచ్చే లెక్క కాదు, చోటు కొనుక్కునే లెక్క. రిలయన్స్ దీన్ని కొన్నేళ్ళు భరించగలదు, ఎందుకంటే సొంత సూపర్ మార్కెట్లున్నాయి, హోల్‌సేల్ ఉంది, చేతిలో వేరే వ్యాపారాల డబ్బుంది. కోక్, పెప్సీ కూడా చవక ప్యాకులు దింపక తప్పలేదు. కోక్ ఈలోగా, 2024 డిసెంబరులో, తన బాటిలింగ్ కంపెనీలో 40 శాతం వాటాని జూబిలెంట్ భర్తియా గ్రూపుకి అమ్ముతున్నట్టు ప్రకటించింది.

వీళ్ళ సంగతి సరే, నాకు టెన్షన్ చిన్నవాళ్ళ గురించి. కోనసీమ పక్కన రామచంద్రపురంలో ఆర్టోస్ ఉంది, కంపెనీ చెప్పుకునే లెక్క ప్రకారం 1919లో సోడాగా మొదలైంది. కోక్ రాకముందు ఉంది, పోయాకా ఉంది, తిరిగొచ్చాకా ఉంది, ఎక్కువగా గోదావరి జిల్లాల్లోనే తన దారిన తాను బతుకుతోంది. కోక్, పెప్సీలు ఇలాంటివాటిని పెద్దగా లెక్కచేయలేదు. పది రూపాయల రేటు మాత్రం నేరుగా వచ్చి తగిలేది ఇలాంటి కంపెనీలకే, ఎందుకంటే వాళ్ళ దగ్గర ఇంకో వ్యాపారం నుంచి తెచ్చి పోయడానికి డబ్బు లేదు, పన్ను మాత్రం అందరితోపాటు అదే 40 శాతం.