రెండంగుళాల ఆస్కార్ చేపకి నాలుగడుగుల ట్యాంకు ఎందుకు?

మొన్న మా మేనల్లుడు అక్వేరియం షాపులోంచి ఒక ఫోటో పంపాడు. వేలెడంత చేప, అచ్చం మొసలి మూతి. "మావయ్యా, దీన్ని అలిగేటర్ గార్ అంటారట. తీసుకోనా?" అని కింద మెసేజ్. వెంటనే ఫోన్ చేసి వద్దన్నాను. 2011లో అమెరికాలోని మిసిసిపి రాష్ట్రంలో ఒక జాలరి వలలో పడ్డ అలిగేటర్ గార్ పొడవు దాదాపు 8 అడుగుల 5 అంగుళాలు, బరువు 148 కిలోలు. అన్నీ అంత కావు. కానీ బాగా చూసుకుంటే ఏ గార్ అయినా వాడి నాలుగడుగుల ట్యాంకు పట్టనంత అవుతుంది.

"ట్యాంకును బట్టే పెరుగుతుందన్నాడు మావయ్యా షాపతను" అన్నాడు.

ఇదే మాట చాలా ఏళ్ల కిందట నాకూ ఒక షాపులో చెప్పారు. నమ్మి, రెండడుగుల ట్యాంకులో ఆస్కార్ అనే వేటాడే చేప పిల్లల్ని రెండు వేశాను. ఒక్కోటి రెండంగుళాలు. ఎనిమిది నెలలకి జానెడయ్యాయి. మే నెలలో ఒక మధ్యాహ్నం మూడు గంటలు కరెంటు పోయింది. ఆఫీసు నుంచి వచ్చేసరికి ఒకటి వెల్లకిలా తేలుతోంది. రెండోది నీటి పైకి మూతి పెట్టి, చెంపలు ఎగరేసుకుంటూ ఆయాసపడుతోంది. అది కూడా తెల్లారేసరికి పోయింది. నేను చంపుకున్న చేపలవి. అందుకే ఈ విషయం వివరంగా రాయాలనిపించింది.

చాలా చేపలకి మనలా ఒక వయసొచ్చాక ఎదుగుదల ఆగిపోదు. చిన్న ట్యాంకులో నెమ్మదిస్తే అది సర్దుకున్నట్టు కాదు. మురికి నీళ్లు, ఇరుకు, ఒత్తిడి కలిసి దాన్ని గిడసబార్చాయని అర్థం.

అసలు లెక్క మనం అనుకునేలా ఉండదు. ఐదు సెంటీమీటర్ల ఆస్కార్ ముప్ఫై సెంటీమీటర్లయితే ఆరు రెట్లు పెరిగింది అనుకుంటాం. పొడవుతో పాటు ఎత్తు, మందం కూడా ఆరేసి రెట్లు పెరుగుతాయి కాబట్టి బరువు 6×6×6, అంటే 216 రెట్లు అవుతుంది. దానికి కావలసిన ఆక్సిజన్, అది వదిలే వ్యర్థం సరిగ్గా అన్ని రెట్లు కాకపోయినా పదుల రెట్లు పెరుగుతాయి. ట్యాంకులో నీళ్లు మాత్రం కొన్ననాడు ఎన్నో ఇప్పుడూ అన్నే. నా రెండడుగుల ట్యాంకు 60×30×30 సెంటీమీటర్లు. గుణించి వెయ్యితో భాగిస్తే 54 లీటర్లు, అంటే మూడు బకెట్ల లోపే.

ఆ మధ్యాహ్నం ఆ మూడు బకెట్లలో ఏం జరిగి ఉంటుందో చూడండి. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు మహా అయితే 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటాయి. 32 డిగ్రీలకి అది 7.3కి పడిపోతుంది. అదే వేడికి చేప ఒంట్లో పని వేగం పెరిగి ఇంకా ఎక్కువ ఆక్సిజన్ కావాలి. ఫిల్టర్ ఆగితే నీటి పైభాగం కదలదు, గాలి కలవదు. దీనికి అమోనియా తోడు. వేటాడే చేపల తిండిలో ఎక్కువ భాగం మాంసకృత్తులే. అవి అరిగాక మిగిలే నత్రజని ఎక్కువగా మొప్పల నుంచి అమోనియాగా నీళ్లలోకి వస్తుంది. ఫిల్టర్ స్పాంజిలో స్థిరపడ్డ బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంత ప్రమాదం లేని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బ్యాక్టీరియాకీ ఆక్సిజన్ కావాలి. బోరు నీళ్లకి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) ఎక్కువ ఉండొచ్చు కాబట్టి అవి పోసేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. పీహెచ్ 7 దగ్గర అమోనియాలో బాగా విషమైన రూపం ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే సుమారు ఐదు శాతం. అదే చేప, అదే తిండి, తొమ్మిది రెట్లకు పైగా విషం.

అందుకే చేపని ఎంచుకునేముందు టేపు పట్టుకోండి. అందరూ ట్యాంకు పొడవు చూస్తారు, నేనైతే ముందు వెడల్పు చూడమంటాను. చేప వెనక్కి తిరగాల్సింది ఆ వెడల్పులోనే. ఆస్కార్ 30 నుంచి 35 సెంటీమీటర్లు పెరుగుతుంది. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకు, అంటే దాదాపు 250 లీటర్లు, ఒక్క ఆస్కార్‌కి సరిపోతుంది. ఫ్లవర్‌హార్న్ చేపకీ ఇదే లెక్క. నా దృష్టిలో మామూలు ఇంటికి ఇదే హద్దు. సిల్వర్ అరోవానా మూడడుగుల చేప. అది హాయిగా తిరగాలంటే ట్యాంకు వెడల్పే మూడడుగులు కావాలి. పైగా అమెజాన్ అడవుల్లో నీటిపైకి ఎగిరి కొమ్మల మీది పురుగుల్ని పట్టే చేప, మూత కాస్త తెరిచి ఉన్నా నేల మీద పడుతుంది. రెడ్ టెయిల్ క్యాట్‌ఫిష్ నాలుగడుగులు దాటగలదు. ఇక షాపుల్లో 'షార్క్' పేరుతో అమ్మే వెండిరంగు పిల్లలు చాలావరకు కైకలూరు చెరువుల్లో టన్నులకొద్దీ పెంచే తినే చేప, పంగాసియస్సే.

వేట చూడాలన్నదే కోరికైతే పెద్ద చేపే అక్కర్లేదు. కేరళ నదుల్లో ఉండే పీ పఫర్ అంగుళం చేప. నత్త కనిపిస్తే దాని ఎదురుగా గాల్లో నిలబడ్డట్టు ఆగిపోతుంది. తోక కొంచెం వంచుతుంది. ఒక కన్ను నత్త మీద, రెండోది మన మీద. ఉన్నట్టుండి ఒక్క కొరుకు. రెండడుగుల ట్యాంకులో ఇది చూస్తూ గంటలు గడపొచ్చు. కొరమీను జాతిలోనూ బెంగాల్‌లో దొరికే ఛన్నా ఆండ్రావో లాంటి జానెడు కూడా పెరగనివి ఉన్నాయి.

ఏ చేపయినా ట్యాంకు పట్టనంత పెరిగిందని చెరువులో మాత్రం వదలొద్దు. 2018 వరదల తర్వాత కేరళ నదుల్లో అరపైమాలు అనే అమెజాన్ భారీ చేపలు దొరికాయి. 2023లో శ్రీనగర్ దాల్ సరస్సులో అలిగేటర్ గార్ దొరికింది. మన చెరువుల్లో వలలు చింపే దెయ్యం చేప, ట్యాంకు అద్దాలు శుభ్రం చేస్తుందని మనం కొనుక్కున్న సక్కర్ చేపే.

మేనల్లుడు చివరికి ఒక్క టైగర్ ఆస్కార్ తెచ్చాడు. దాంతోపాటు బ్యాటరీ ఎయిర్ పంపు కూడా. వారానికోసారి నాలుగు బకెట్ల నీళ్లు తీసి, యాంటీ క్లోరిన్ కలిపిన కొత్త నీళ్లు పోస్తున్నాడు. మేత గోల్డ్‌ఫిష్ కాదు, పెల్లెట్లే. గోల్డ్‌ఫిష్‌లో విటమిన్ బి1ని నాశనం చేసే ఎంజైమ్ ఉంటుంది, పైగా షాపు రోగాలు వాటితోపాటే వస్తాయి. నిన్న వెళ్లి చూశాను. మనిషి కనిపిస్తే చాలు, అద్దం దగ్గరికొచ్చి ఒళ్లంతా ఊపుతోంది. తోక మొదట్లో నారింజ అంచుతో నల్లటి కన్నులాంటి మచ్చ అప్పుడే తేలుతోంది. పిరాన్యా చేపలు రెక్కలు కొరక్కుండా ఆ దొంగ కన్ను కాపాడుతుందని శాస్త్రవేత్తల ఊహ.

"ఇంత పెద్ద తొట్టిలో ఒక్కటేనా రా, బోసిగా ఉంది" అంది మా అక్క.

ఎనిమిది నెలలు ఆగక్కా అన్నాను.