మూకుడు అడుగున మిగిలే ఇంధనం

మిరపకాయ బజ్జీల బండి కట్టేసే వేళకు మూకుడులో మిగిలిన నూనెను చూస్తే, పోసినప్పుడు తేనెరంగులో ఉన్నది నల్లబడి, చిక్కబడి, మక్కు వాసన వేస్తూ ఉంటుంది. పదే పదే కాగిన నూనెలో పోలార్ సమ్మేళనాలు, అంటే నూనె చెడిపోగా పుట్టే పదార్థాలు, పేరుకుంటాయి. వాటి మోతాదు 25 శాతం దాటిన నూనెను వంటకు వాడరాదన్న నియమాన్ని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018 జులై 1 నుంచి అమలులోకి తెచ్చింది. అలాంటి నూనెను మురుగుకాలువలో పోస్తే పేరుకుపోయి కాలువను పూడుస్తుంది. తక్కువ ధరకు మరో దుకాణానికి అమ్మితే తిరిగి మన పళ్లెంలోకే వస్తుంది. దానికున్న మూడో దారి బయోడీజిల్, అంటే నూనెను మార్చి డీజిల్‌కు బదులుగా వాడే ఇంధనం. దాని తయారీలో రసాయన క్రియ అంత కష్టమైనది కాదనీ, ఏ నూనెతో మొదలుపెడుతున్నామన్నదే అసలు చిక్కు అనీ నేను నమ్ముతాను.

నూనెతో ఇంజన్ నడపడం కొత్త ఆలోచనేమీ కాదు. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజన్ వేరుశనగ నూనెతో నడిచింది. అయితే నూనెను ఉన్నదున్నట్టు ఎక్కువకాలం వాడితే ఇంజన్ దెబ్బతింటుంది. వంటనూనె డీజిల్ కన్నా సుమారు పది రెట్లు చిక్కన; ఇంజెక్టర్ సన్నని రంధ్రాల గుండా అది తుంపరగా చిమ్మకుండా పెద్ద పెద్ద బొట్లుగా పడుతుంది, పూర్తిగా మండదు, లోపల మసి గట్టిపడుతుంది. దీనికి విరుగుడుగా బ్రస్సెల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన షవాన్ 1937లో పామాయిలును ఆల్కహాలుతో మార్చే పద్ధతికి పేటెంటు పొందాడు. నేటి బయోడీజిల్ పరిశ్రమ నడుస్తున్నది ఆ బాటలోనే.

నూనె అణువును ఒకే కొక్కేనికి తగిలించిన మూడు పొడవైన గొలుసులుగా ఊహించుకోవచ్చు. కొక్కెం గ్లిజరిన్, గొలుసులు కొవ్వు ఆమ్లాలు. కాస్టిక్ సోడా ఉత్ప్రేరకంగా ఉన్నప్పుడు మిథనాల్ అనే ఆల్కహాలు అణువులు మూడు వచ్చి ఒక్కో గొలుసును తమతో కలుపుకుంటాయి. అలా విడివడిన పలుచని మిథైల్ ఎస్టర్లే బయోడీజిల్. లెక్క ప్రకారం 100 కిలోల నూనెకు సుమారు 11 కిలోల మిథనాల్ సరిపోతుంది, దాదాపు 100 కిలోల ఇంధనమూ 10 కిలోలకు పైగా గ్లిజరిన్ వస్తాయి. కానీ ఈ క్రియ వెనక్కి కూడా నడవగలదు కాబట్టి, దాన్ని ముందుకే నెట్టడానికి రెట్టింపు మిథనాల్ పోసి, మిగిలినదాన్ని తర్వాత ఆవిరి చేసి పట్టుకుంటారు.

వాడేసిన నూనె దగ్గర ఓపిక అవసరమయ్యేది ఇక్కడికి ముందే. ఉల్లిపాయలు, తడి శనగపిండి వేగిన నూనెలో తేమ దిగి ఉంటుంది, కొన్ని గొలుసులు ముందే తెగి స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలుగా మారి ఉంటాయి. ఈ రెండూ ఉన్నచోట కాస్టిక్ సోడా ఇంధనానికి బదులు సబ్బును తయారుచేస్తుంది. విద్యార్థి దశలో నేను నూనెను సరిగా మరిగించకుండానే తొందరపడ్డాను; బీకరులోని ద్రవమంతా గంటలో తోడుకున్న పెరుగులా బిగుసుకుపోయింది. అందుకే నూనెను గుడ్డతో వడగట్టి, నీరంతా ఎగిరిపోయేదాకా వేడిచేసి, క్షారం తగిలితే గులాబీ రంగుకు మారే ఫినాఫ్తలీన్ చుక్కలు వేసి ఎంత క్షారం పోస్తే గులాబీ రంగు తిరిగి నిలుస్తుందో చూసి, దాన్నిబట్టి కాస్టిక్ సోడా తూకం నిర్ణయిస్తారు. ఆమ్లాలు మరీ ఎక్కువగా ఉంటే ముందు గంధకామ్లంతో ఒక విడత శుద్ధి చేయక తప్పదు.

ఆ తర్వాత 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటసేపు కలిపి కదల్చకుండా వదిలేస్తే, జాడీ అడుగున ముదురు గోధుమరంగు గ్లిజరిన్ దిగుతుంది, పైన బంగారురంగు ఇంధనం తేలుతుంది. పైపొరను గోరువెచ్చని నీటితో కడుగుతారు. మొదటి నీరు పాలలా తెల్లగా వస్తుంది, తేటనీరు వచ్చేదాకా కడిగి ఆరబెట్టాలి. మిథనాల్ తాగితే చూపు పోతుంది, ప్రాణమూ పోవచ్చు. పైగా దాని మంట పగటి వెలుతురులో సరిగా కనబడదు. కాబట్టి ఇంటి వంటగది ఈ పనికి తగిన చోటు కాదు.

ఇక నూనె ఎక్కడిదన్న ప్రశ్న. మన దేశం వంటనూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకుంటోంది, కనుక తాజా వంటనూనెను ట్యాంకులో పోయడం న్యాయం కాదు. 2000 తర్వాత ఆశలన్నీ బీడు భూముల్లో పెరిగే అడవి ఆముదం (జట్రోఫా) మీద పెట్టుకున్నారు. 2009 జాతీయ జీవ ఇంధన విధానం 2017 నాటికి డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలపడాన్ని లక్ష్యంగా ప్రకటించింది. మొక్క బతికింది, కానీ నీరూ ఎరువూ లేనిచోట చాలినన్ని కాయలు కాయలేదు. 2018 విధానం లక్ష్యాన్ని 2030 నాటికి 5 శాతానికి కుదించింది. మన కానుగ కథ కాస్త వేరు. ఆనాటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో గిరిజన మహిళా సంఘాలు కానుగ మొక్కలు నాటి, గింజలు ఆడించి నూనె తీశాయి. ఆ నూనె డీజిల్ స్థానంలో వాడితే తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడుకు బదులుగా 2003లో ప్రపంచ బ్యాంకు వారికి 645 డాలర్లు చెల్లించింది. కానుగ నూనెను పశువులు కూడా తినవు, నూనె తీయగా మిగిలిన చెక్క పొలానికి ఎరువవుతుంది. ఊరి పంపుసెట్టుకు, చిన్న జనరేటరుకు ఇది చక్కగా నప్పుతుంది. నగరపు బస్సులన్నిటికీ సరిపడా కాయదు.

బయోడీజిల్‌కు పరిమితులున్నాయి. పామాయిలుతో చేసినది చలికి మసకబారి ఫిల్టరుకు అడ్డుపడుతుంది, ఆదిలాబాద్ శీతాకాలపు రాత్రులు దానికి గడ్డుకాలమే. ఏ బయోడీజిలైనా పాత ఇంజన్లలో రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది, ట్యాంకులో ఏళ్లుగా పేరుకున్న మడ్డిని కరిగించి ఫిల్టరులోకి తెస్తుంది. అందుకే 20 శాతం లోపు కలిపి వాడడం మేలు. మరోవైపు, అందులో ఆక్సిజన్ ఉండడం వల్ల పొగ తగ్గుతుంది, గంధకం దాదాపు ఉండదు.

పెద్ద హోటళ్ల నుంచి వాడేసిన నూనె సేకరించే ఏర్పాట్లు మొదలయ్యాయి. రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడేవారు లెక్కలు రాసి, అనుమతి ఉన్నవారికే అమ్మాలి. బజ్జీల బండి ఆ పరిధిలోకి రాదు. దాని యజమానికి ఆ రెండు లీటర్ల నల్లనూనె రేపటి పెట్టుబడి. పారబోయమంటే ఆయన నష్టపోతాడు. కనుక వారానికి రెండుసార్లు వీధిలోకి డబ్బాతో వచ్చి, ఆ నూనెను తూచి, మళ్లీ కాచుకోవడం కన్నా అమ్ముకోవడమే లాభమనిపించే ధర అక్కడికక్కడే చేతికిచ్చే మనిషి కావాలి.